ప్రసిద్ధ కారు పేరును బట్టల దుకాణానికి పెట్టుకోవచ్చా?

ప్రశ్న (కడప): మా తమ్ముడు వై.వి. వీధిలో రెడీమేడ్ బట్టల దుకాణం తెరుస్తున్నాడు. లోకమంతా ఎరిగిన ఒక కారు కంపెనీ పేరును బోర్డు మీద రాయించబోతున్నాడు. ఆ కంపెనీ బట్టలు అమ్మదు కాబట్టి ఇబ్బంది ఉండదని అతని ధీమా. పెయింటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. చట్టం ఏమంటుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (అనంతపురం): ఇబ్బంది ఉంటుందండీ. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 29(4) సెక్షన్ ప్రకారం, రిజిస్టరై మన దేశంలో పేరుప్రతిష్ఠలు సంపాదించుకున్న మార్కును గాని, దానిని పోలిన మార్కును గాని తగిన కారణం లేకుండా వేరే రకం సరుకులకు వాడి, ఆ ప్రతిష్ఠను అన్యాయంగా సొమ్ము చేసుకున్నా, దాని విశిష్టతకు భంగం కలిగించినా అది ఉల్లంఘనే అవుతుంది. కొనేవారు పొరబడ్డారని నిరూపించవలసిన అవసరం కూడా లేదు. ఈ చట్టం రాకముందే, బెంజ్ అన్న కారు పేరుతో, ఆ కారు గుర్తును తలపించేలా వలయంలో నిలబడిన మనిషి బొమ్మతో లోదుస్తులు అమ్ముతున్న సంస్థను ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది. బోర్డు పని వెంటనే ఆపించండి.

జవాబు (కర్నూలు): పై మాట నిజమే గాని, ప్రతి పేరుకూ ఈ రక్షణ దొరకదు. ప్రతిష్ఠ ఉన్నదని హక్కుదారే రుజువు చేసుకోవాలి. చిన్న వ్యాపారులను ఊరికే బెదిరించడానికి ఈ సెక్షన్ లేదు. 2017 నాటి ట్రేడ్ మార్కుల నియమాలలోని 124వ నియమం కింద లక్ష రూపాయల రుసుము కట్టి సుప్రసిద్ధ మార్కుగా గుర్తింపు కోరవచ్చు, అయితే 29(4) కింద దావాకు ఆ గుర్తింపు తప్పనిసరి కాదు. కొత్త పేరు అనుకున్నాక ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతికి చూసుకోమనండి.