తెలుగు మీడియం నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్, కెమిస్ట్రీ వర్క్‌షీట్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అందరికీ నమస్తే అండీ. డిగ్రీ ఫస్ట్ ఇయర్‌కి చెప్తున్నాను, మా పిల్లల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే, లెక్క చేసేస్తారు గానీ ఎందుకలా అంటే చెప్పలేరు. ఎసిటిక్ యాసిడ్, సోడియం ఎసిటేట్ సమానంగా ఉన్న బఫర్ పీహెచ్ 4.76 అని ఠకీమని చెప్తారు, అందులో రెండు చుక్కలు హెచ్‌సీఎల్ వేస్తే పీహెచ్ పెద్దగా ఎందుకు మారదు అంటే మాత్రం నోరు విప్పరు, చూస్తే బాధేస్తుంది.

కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్‌లోనే చేసి చూసే ప్రయోగాలు, వాడుతున్నా, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వాటికి తోడుగా, ఏం జరుగుతుందో ముందు ఊహించి రాసి తర్వాత చేసి చూసేలాంటి వర్క్‌షీట్లు కావాలి, వివరణ తెలుగులో ఉండి ఇంగ్లీష్ పదాలు పక్కనే ఉంటే ఇంకా మంచిది. గైడ్లు వద్దండి, అవి బోలెడున్నాయి. థర్మోడైనమిక్స్‌వి అర్జెంటు. చేత్తో రాసుకున్నవైనా సరే, ఫోటో తీసి పెట్టండి ప్లీజ్.