ఒకే సిరంజిలో రెండు ఇన్సులిన్లు: చేయి కుదిరేదెలా?

నమస్కారం. మాది ఒంగోలు. బెంగళూరులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సూది గుచ్చాలంటే భయం పోయింది కానీ, మందు సిరంజిలోకి తీయడమే ఇంకా కొరుకుడు పడడం లేదు.

తేట ఇన్సులిన్ 10 యూనిట్లు, మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) 20 యూనిట్లు కలపాలనుకోండి. మబ్బు సీసాలోకి 20 యూనిట్ల గాలి, తేట సీసాలోకి 10 యూనిట్ల గాలి ఎక్కించి, ముందు తేట మందు తీసి, ఆఖరున మబ్బుది 30 గీత దాకా లాగాలి. నిద్రలో లేపి అడిగినా ఈ వరుస చెబుతాను. చిక్కంతా ఆఖరి అడుగులోనే. పిస్టన్ 32కి జారిపోతుంది. వెనక్కి నెడితే కలిసిన మందు సీసాలోకి పోతుంది కాబట్టి, అంతా పారబోసి మళ్లీ మొదలుపెడుతున్నాను. సాధనకు ఇచ్చేవి రంగు నీళ్లు కనుక సరిపోయింది! సీనియర్ అక్కలు కన్నడంలో గబగబా చెబుతారు, నాకు సగమే అర్థమవుతుంది.

సీసాను, సిరంజిని మీరు ఏ వేళ్లతో ఎలా పట్టుకుంటారు? పిస్టన్ జారకుండా బొటనవేలు ఎక్కడ ఆనించాలి?

ఇంకొక సందేహం. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాకు ఎర్ర మూత సిరంజి, మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండేదానికి నారింజ మూతది. 40 సీసా మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. లెక్క వేసి చూసుకుంటే ఒళ్లు జలదరించింది. రాత్రి డ్యూటీలో, హడావిడిలో ఈ పొరపాటు జరగకుండా మీకు ఏ అలవాటు పనికొచ్చింది? తెలుగులో చెబితే మేలు చేసినవారవుతారు.