‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ తెలుగులో పాడితే: మేమా, మనమా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: బడి పిల్లల చేత ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ తెలుగులో పాడించాలి, మొదటి పంక్తి ‘మేము జయిస్తాం’ అనాలా, ‘మనం జయిస్తాం’ అనాలా అని. కామెంట్లలో ఎక్కువమంది ‘ఏదైనా ఒకటే’ అన్నారు. ఒకటి కాదు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘వుయ్’ ఒక్కటే. కానీ ఇది అమెరికాలో నల్లజాతివాళ్లు సమాన హక్కుల కోసం చేసిన ఉద్యమంలో పాడుకున్న పాట. దాని చరిత్ర చూస్తే, ఆ ‘వుయ్’లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న తగవు అడుగడుగునా కనిపిస్తుంది.

ముందు అక్కడ ‘మేము’ కూడా లేదు, ‘నేను’ ఉంది. ఫిలడెల్ఫియాలో చార్ల్స్ ఆల్బర్ట్ టిండ్లీ అనే నల్లజాతి పాస్టర్ 1901లో అచ్చు వేయించిన కీర్తనలో మాట ‘ఏదో ఒకనాడు నేను జయిస్తాను’ అనే. దాని బాణీ వేరు. గని కార్మికుల యూనియన్ పత్రికలో 1909లోనే ‘వుయ్ విల్ ఓవర్‌కమ్’ అని పాడుకున్నట్టు ఒక ఉత్తరం ఉంది కాబట్టి, ‘నేను’ ‘వుయ్’గా మారడం ఒక్కచోటే ఒక్కసారే జరిగిందని అనలేం. మనకు బాగా తెలిసిన దారి మాత్రం సౌత్ కరొలైనాలోని చార్ల్స్‌టన్ నుంచి వచ్చింది. అక్కడి చుట్టల ఫ్యాక్టరీలో 1945 అక్టోబరులో సమ్మె మొదలైంది. సమ్మెలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్లు. రోజంతా పికెటింగ్ చేశాక లూసీల్ సిమన్స్ అనే కార్మికురాలు ఈ పాటను బాగా సాగదీసి పాడించేది. వాళ్ల దగ్గర్నుంచి అది టెన్నెసీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూలుకు, అక్కడ సంగీతం చూసే జిల్‌ఫియా హార్టన్‌కు, ఆమె నుంచి జానపద గాయకుడు పీట్ సీగర్‌కు చేరింది. 1960 ఏప్రిల్లో నార్త్ కరొలైనాలోని షా యూనివర్సిటీలో విద్యార్థి ఉద్యమకారులు సమావేశమైనప్పుడు గాయకుడు గై కారవాన్ పాడించాక అది ఉద్యమమంతటి పాట అయింది.

‘విల్’ ఎప్పుడు ‘షల్’ అయిందంటారా? సీగర్ తాను మార్చి ఉండొచ్చనీ, హైలాండర్‌లో పాఠాలు చెప్పిన సెప్టిమా క్లార్క్ మార్చి ఉండొచ్చనీ చెప్పేవాడు. ‘షల్’ అంటే నోరు బాగా తెరుచుకుంటుంది, పాడటానికి హాయి అని ఆయన కారణం. ఈ ఒక్క మాట న్యూయార్క్ కోర్టు దాకా వెళ్లింది. మొదటి చరణం మీద కాపీరైట్ చెల్లదంటూ 2017లో జడ్జి తీర్పిచ్చినప్పుడు, విల్‌ను షల్ చేయడం లాంటి మార్పులు కొత్త రచన అనిపించుకోవని తేల్చారు. 2018లో రాజీ కుదిరి పాట అందరి సొత్తయింది.

ఇక అసలు విషయం. నా ఓటు మొదటి చరణానికి ‘మనం’. కారణం పాడే తీరు. నిలబడి, చేతులు అడ్డంగా కట్టి, కుడిచేత్తో ఎడమ పక్కవాళ్ల చేయి, ఎడమచేత్తో కుడి పక్కవాళ్ల చేయి పట్టుకుని ఊగుతూ పాడతారు. ఎదుట షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) ఉన్నా పాట అతనికి చెప్పేది కాదు, పక్కనున్నవాళ్లకు చెప్పేది. పక్కవాడితో ఎవరైనా ‘మేము’ అంటారా?

అయితే అన్ని చరణాలకూ ఇదే సర్వనామం పనికిరాదు. 1959లో హైలాండర్ మీద పోలీసులు దాడి చేసిన రాత్రి చూడండి. అక్కడున్నవాళ్లలో అలబామాలోని మాంట్‌గమరీ నుంచి వచ్చిన పిల్లలున్నారు. చీకట్లో పోలీసులు గదులు వెతుకుతుంటే జమీలా జోన్స్ అనే 14 ఏళ్ల అమ్మాయి ‘వుయ్ ఆర్ నాట్ అఫ్రెయిడ్’ అని కొత్త చరణం ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. ఒక పోలీసు వణుకుతున్న గొంతుతో, పాడక తప్పదంటే అంత గట్టిగా పాడాలా అని అడిగాడట. పెద్దయ్యాక ఆమే చెప్పింది. ఆ చరణం పోలీసులకూ వినబడింది, వాళ్లకు చెప్పినట్టే ఉంది. అక్కడ ‘మనకు భయం లేదు’ అంటే పోలీసునూ కలుపుకున్నట్టవుతుంది. ‘మాకు భయం లేదు’ అనాల్సిందే.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: ‘మేము’ అనడంలో నిజాయితీ ఉంది కదండీ. దెబ్బలు తిన్నది నల్లవాళ్లు. మనం అనేసి అందర్నీ కలిపేస్తే ఆ బాధ పలచబడదా?

నా జవాబు: పలచబడుతుందని వాళ్లలోనే చాలామంది అన్నారు మేడమ్. 1966 జూన్‌లో మిసిసిపీ పాదయాత్రలో ఈ పాట పాడుతూ ‘బ్లాక్ అండ్ వైట్ టుగెదర్’ చరణం దగ్గరికి వచ్చేసరికి కొన్ని గొంతులు ఆగిపోయాయని మార్టిన్ లూథర్ కింగ్ రాసుకున్నాడు. ఎందుకని అడిగితే, ఆ మాటలు ఇక పాడం, అసలు ‘ఓవర్‌కమ్’ తీసేసి ‘ఓవర్‌రన్’ (తొక్కుకుంటూ పోతాం) అని పెట్టాలి అన్నారట. దానికి ఏడాది ముందు, 1965 మార్చి 15న, ఓటు హక్కు కోసం నడిచినవాళ్ల మీద అలబామాలోని సెల్మా వంతెన దగ్గర లాఠీలు విరిగిన ఎనిమిది రోజులకు, ప్రెసిడెంట్ జాన్సన్ కాంగ్రెస్‌లో నిలబడి ఇదే మాట అన్నాడు. మూఢద్వేషాన్ని దాటాల్సింది నల్లవాళ్లు ఒక్కరే కాదు, మనందరం అని చెప్పి, ఆ వెంటనే ‘అండ్ వుయ్ షల్ ఓవర్‌కమ్’. తెలుగులో అయితే ఆ వాక్యం అక్షరాలా ‘మనం’. టీవీలో ఆ ప్రసంగం చూస్తున్న కింగ్ కళ్లలో నీళ్లు తిరగడం తాను చూశానని ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ చెప్పాడు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆ ‘మనం’ నిజమైనంత మేర ఆ చట్టంలో ఉంది, నిజం కానంత మేర మరుసటి ఏడాది ఆగిపోయిన గొంతుల్లో ఉంది. మీ అభ్యంతరాన్ని అందుకే నేను తేలిగ్గా తీసుకోను.

ఇంకో కోణం కూడా ఉంది. జార్జియాలోని ఆల్బనీ ఉద్యమం నుంచి వచ్చిన గాయని బెర్నీస్ జాన్సన్ రేగన్, ‘నేను’ తీసేసి ‘వుయ్’ పెట్టడం వల్ల లాభమే జరిగిందని అనుకోలేదు. ‘మనం భోజనాలు తెద్దాం’ అంటే ఎవరు తెస్తారో తెలియదు, ‘నేను కేకు తెస్తా’, ‘నేను చికెన్ తెస్తా’ అని ఒక్కొక్కరూ అంటేనే విందు జరుగుతుందని ఆమె వాదన. శ్రీశ్రీ ‘నేను సైతం’ చదివినవాళ్లకు ఈ మాట కొత్తగా ఉండదు. అయినా పాటలో ‘నేను’ పూర్తిగా పోలేదు. మొదటి చరణం చివర ‘ఐ డు బిలీవ్’ అనే ఉంది. అనువాదంలో ‘నా గుండె లోతుల్లో నమ్ముతున్నా’ అని తప్పక ఉంచండి. హిందీ ‘హమ్ హోంగే కామ్‌యాబ్’లో ‘మన్ మే హై విశ్వాస్’ అయి ఆ ‘నేను’ జారిపోయింది.

మరొకరి వ్యాఖ్య: ‘జయిస్తాం’ అంటే చాలు కదా? క్రియ రెండింటికీ ఒకటే. సర్వనామం వదిలేస్తే గొడవే ఉండదు.

నా జవాబు: మొదటి చరణానికి చక్కగా సరిపోతుందండీ. పైగా చివర ‘తాం’ దగ్గర నోరు తెరిచి సాగదీయొచ్చు, సీగర్ కోరినట్టే. ‘ఓవర్‌కమ్’కు కర్మ లేదు, దేన్ని జయిస్తామో పాట చెప్పదు. తెలుగు బైబిల్ ప్రకటన గ్రంథంలో ‘జయించువానికి’ అన్నప్పుడూ అంతే, కాబట్టి చర్చి నుంచి వచ్చిన పాటకు ఈ క్రియ నప్పుతుంది. ‘గట్టెక్కుతాం’ నాకు ఇంకా ఇష్టం కానీ, ఆ ద్విత్వాల మీద రాగం నిలబడదు. చిక్కంతా భయం చరణంతోనే. ‘భయం లేదు’ అంటే ఎవరికి అని అడుగుతారు. మాకు, మనకు, రెండిట్లో ఒకటి చెప్పక తప్పదు. పిల్లలకు నేర్పేటప్పుడు ఇలా పెట్టి చూడండి:

జయిస్తాం మనం, జయిస్తాం మనం, జయిస్తాం ఏదో ఒకనాడు.
మాకు భయం లేదు, మాకు భయం లేదు, మాకు భయం లేదు ఈనాడు.

రెండో చరణంలో ‘మాకు’ ఎందుకని పిల్లలు అడిగితే జమీలా జోన్స్ సంగతి చెప్పండి. అప్పటికి ఆమెది దాదాపు వాళ్ల వయసే.