‘ఇర్రిగార్డ్‌లెస్’ నిఘంటువులో ఉంటే దాన్ని దిద్దకూడదా?

ప్రశ్న అడిగినవారు: ఎర్రసిరా

నమస్కారం. ఇంగ్లీషు పత్రాలను అచ్చుకు వెళ్లేముందు సరిచూడటం పన్నెండేళ్లుగా నా పని. గత వారం, కొత్తగా చేరిన ఒక సహోద్యోగిని రాసిన నలభై పేజీల నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. మూడో పేజీలో ‘లెక్కచేయకుండా’ అనే అర్థంలో ‘ఇర్రిగార్డ్‌లెస్’ కనబడగానే ముందున్న ‘ఇర్’ కొట్టేసి ‘రిగార్డ్‌లెస్’ చేశాను. ‘లెస్ ఎర్రర్స్’ను ‘ఫ్యూయర్ ఎర్రర్స్’గా మార్చాను. ‘టు ఫుల్లీ టెస్ట్’లో మధ్యన దూరిన ‘ఫుల్లీ’ని చివరికి జరిపాను. ‘ఈచ్ యూజర్ షుడ్ చేంజ్ దెయిర్ పాస్‌వర్డ్’ అన్న వాక్యంలో ‘దెయిర్’ తీసి ‘హిజ్ ఆర్ హర్’ పెట్టాను. ‘షుడ్ ఆఫ్ బీన్’ను ‘షుడ్ హ్యావ్ బీన్’ చేశాను. రెండుచోట్ల ‘లిటరల్లీ’ (‘అక్షరాలా’) తీసేశాను. అన్నింటికీ అదే సిరా, అదే గీత.

మరునాడు ఆమె అమెరికాకు చెందిన మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులో ‘ఇర్రిగార్డ్‌లెస్’ ఉన్న పేజీ తెరిచి నా ముందు పెట్టింది. “షుడ్ ఆఫ్ నా పొరపాటే సార్, ఒప్పుకుంటాను. మిగతావాటిలో తప్పులెన్నో, మీకు నచ్చనివెన్నో చెప్పండి” అని నెమ్మదిగానే అడిగింది. ఆ ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. నిఘంటువు ఒక పదాన్ని చేర్చుకుంటే ఇక దాన్ని దిద్దే హక్కు మనకు పోయినట్లేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: నిఘంటుప్రియుడు

ఎర్రసిరా గారూ, ఆ పేజీలో పదం పక్కనే ఉన్న ‘నాన్‌స్టాండర్డ్’ (ప్రామాణికం కానిది) అన్న ముద్రను మీరిద్దరూ చూశారో లేదో గాని, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. నిఘంటువు జనం వాడే మాటలను నమోదు చేస్తుంది, ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఇలాంటి గుర్తులతో చెబుతుంది. అంతేగాని, చేర్చుకున్న ప్రతి మాటకూ అనుమతిపత్రం ఇవ్వదు. ‘ఇర్రిగార్డ్‌లెస్’ 1795 నుంచే అచ్చులో కనబడుతోంది, మెరియం-వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో 1934 నుంచి ఉంది. అయినా 2020 జూలైలో అది నిఘంటువులో ఉందని కొత్తగా గమనించినవారు సామాజిక మాధ్యమాల్లో గగ్గోలు పెడితే, ఇది పాత సంగతేనని సంస్థ మళ్లీ వివరించుకోవాల్సి వచ్చింది. ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1961లో అదే సంస్థ మూడో అంతర్జాతీయ నిఘంటువును వెలువరించి, ‘ఎయింట్’ (‘కాదు’, ‘లేదు’ అనే అర్థంలో వాడే మోటుమాట) వంటి మాటల విషయంలో మెతకగా వ్యవహరించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ తన సంపాదకీయంలోనే దాన్ని తప్పుపట్టింది. ఆ అసంతృప్తిలోంచే 1969లో అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు, రచయితలతో ఏర్పరచిన వాడుక సలహామండలితో సహా, బయటికొచ్చింది.

‘ఇర్’, ‘లెస్’ రెండూ వ్యతిరేకార్థకాలు కాబట్టి ఆ మాట తర్కానికి నిలవదని చాలామంది వాదిస్తారు. ఆ వాదం నాకు బలంగా అనిపించదు. ‘రావెల్’ అన్నా ‘అన్‌రావెల్’ అన్నా చిక్కు విప్పడమే, ‘ఫ్లేమబుల్’ అన్నా ‘ఇన్‌ఫ్లేమబుల్’ అన్నా మండేదే. తర్కం చూసుకుని ఏ భాషా పుట్టలేదు. అయినా మీరు ఆ మాటను కొట్టేయడం సబబే. నివేదిక చదివేవారిలో ఎక్కువమంది కళ్లు అక్కడ ఆగిపోతాయి, విషయం నుంచి దృష్టి మాట మీదికి మళ్లుతుంది. కొట్టేయడానికి ఆ కారణం చాలు.

‘టు ఫుల్లీ టెస్ట్’ సంగతి పూర్తిగా వేరు. ‘టు’కూ క్రియకూ మధ్య మరో మాట రాకూడదన్న నిషేధానికి 19వ శతాబ్దంలోనే ఊపు వచ్చింది, 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ రాసిన పుస్తకం దానికి బాగా ప్రచారం కల్పించింది. అంతకు ముందు శతాబ్దాల తరబడి మంచి రచయితలు అలా చీల్చి రాస్తూనే ఉన్నారు. పైగా మీరు ‘ఫుల్లీ’ని వాక్యం చివరికి జరిపినప్పుడు అది ‘టెస్ట్’కు చెందుతుందో, చివర ఉన్న మరో క్రియకు చెందుతుందో ఒకసారి చూసుకోండి. ఈ దిద్దుబాటు వల్ల అర్థం చెడిన వాక్యాలు నేను చాలా చూశాను. వాక్యం చివర ప్రిపొజిషన్ (‘విత్’, ‘ఆఫ్’ వంటి మాట) రాకూడదన్న నియమమూ ఇలాంటిదే. 1672లో కవి జాన్ డ్రైడెన్ ఆ వాడుకను నాటకకర్త బెన్ జాన్సన్‌లో తప్పుపట్టి, తరువాత తన పాత వ్యాసాలనూ ఆ ప్రకారం తిరగరాసుకున్నాడు. ఒక గొప్ప కవి పట్టింపు బడిపిల్లలకు శాసనమైంది.

జవాబు 2: పరీక్షాపత్రం

పై జవాబులోని చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ చరిత్ర ఒక్కదానితో తీర్పు చెప్పడాన్ని మాత్రం అంగీకరించలేను. ‘లిటరల్లీ’నే చూడండి. అతిశయోక్తి అర్థంలో అది 1769 నుంచే ఉందని, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011లో ఆ అర్థాన్ని నమోదు చేసిందని చెబుతారు, నిజమే. ఒక రోగి మూడు రోజులుగా ‘లిటరల్లీ’ నిద్రపోలేదని నర్సు నమోదు పుస్తకంలో రాస్తే, తరువాతి పూట వచ్చే డాక్టరు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఒక మాట తన అర్థాన్నీ దానికి ఎదురుగా ఉన్న అర్థాన్నీ రెండింటినీ మోస్తున్నప్పుడు, ఖచ్చితంగా చెప్పాల్సిన చోట అది పనికిరాకుండా పోతుంది. మీరు ఆ రెండుచోట్లా తీసేయడం ఇష్టాయిష్టాల మాట కాదు, అవసరమే.

‘షుడ్ ఆఫ్’ కూడా మీ సహోద్యోగిని అనుకున్నంత చిన్న పొరపాటు కాదు. ‘షుడ్ హ్యావ్’ను వేగంగా పలికితే చివర వినిపించే ధ్వనీ, ‘ఆఫ్’ ధ్వనీ ఒకటే కావడం వల్ల చెవి చేసే మోసం అది. అది మాండలికమూ కాదు, పాత రూపమూ కాదు, వ్యాకరణంలో దానికి నిలువనీడ లేదు. ఇలాంటివాటిని వదిలేస్తే నష్టపోయేది రాసినవారే, ఎందుకంటే దరఖాస్తు చదివే వ్యక్తి కారణం చెప్పకుండానే దాన్ని పక్కన పెట్టేస్తాడు.

జవాబు 3: ధ్వనిశాస్త్రం

పరీక్షాపత్రం గారు ‘లిటరల్లీ’ గురించి చెప్పింది సబబుగా ఉంది. మిగిలిన ‘లెస్’, ‘దెయిర్’ల గురించి నాలుగు మాటలు చెబుతాను.

లెక్కపెట్టగలిగేవాటికి ‘ఫ్యూయర్’, కొలిచేవాటికి ‘లెస్’ అన్న విభజన 1770లో రాబర్ట్ బేకర్ రాసిన పుస్తకంలో మొదట కనబడుతుంది. అక్కడ కూడా ఆయన అది నియమమని అనలేదు, ‘ఫ్యూయర్’ అయితే బాగుంటుందని తనకు తోస్తున్నట్లు రాశాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు పేరిట ఉన్న అనువాదంలోనే లెక్కించదగిన నామానికి ‘లెస్’ పూర్వరూపం కనబడుతుంది. తెలుగులో ‘తక్కువ నీళ్లు’, ‘తక్కువ తప్పులు’ అని రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం, ఎవరికీ అర్థం చెడటం లేదు. లాంఛనమైన నివేదికలో ‘ఫ్యూయర్’ ఉంటే మంచిదే, కానీ ‘లెస్’ రాసినవారికి వ్యాకరణం రాదనడం అన్యాయం.

ఏకవచనంలో ‘దే’, ‘దెయిర్’ వాడుక పద్నాలుగో శతాబ్దం నుంచి ఉంది. ఈ విషయంలో తెలుగువారు ఇబ్బందిపడటం నాకు విచిత్రంగా తోస్తుంది. ఎదుట ఒక్క మనిషే ఉన్నా ‘మీరు’ అంటాం, ఆ మనిషి గురించి ఇతరులతో చెప్పేటప్పుడు ‘వారు’ అంటాం. బహువచన రూపం ఒక్కరికి చెల్లడం మనకు ఉగ్గుపాలతో అబ్బిన సంగతి. ఇంగ్లీషులో ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమే. ఒక్కరిని ‘యూ’ అనడం తప్పని వాదిస్తూ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ నాయకుడు జార్జ్ ఫాక్స్ 1660లో సహరచయితలతో కలిసి ఏకంగా ఒక పుస్తకమే వెలువరించాడు. ఈరోజు ఆ వాదన ఎవరూ చేయరు. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలిపుస్తకం 2017లో పరిమితులతోనూ, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మార్గదర్శిని 2019లో బాహాటంగానూ ఏకవచన ‘దే’ను ఒప్పుకున్నాయి. మీరు పెట్టిన ‘హిజ్ ఆర్ హర్’ను వెనక్కి తీసుకోవాలనే నా అభిప్రాయం.

చివరగా, ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ‘ఆస్క్’ను ‘యాక్స్’ అని పలికేవారిని చదువురానివారుగా చూడటం నన్ను చాలా బాధిస్తుంది. పాత ఇంగ్లీషులో ఆ రెండు రూపాలూ పక్కపక్కనే ఉండేవి, పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ ‘యాక్స్’ అని రాశాడు, 1535 నాటి కవర్డేల్ బైబిలులో ‘అడుగుడి, మీకియ్యబడును’ అన్న వాక్యం ‘యాక్స్’తోనే మొదలవుతుంది. హల్లులు తారుమారు కావడం భాషలో మామూలే, ‘బర్డ్’ కూడా ఒకప్పుడు ‘బ్రిడ్’గా ఉండేది. అలాగే, ముందుకు జరపడమన్న అర్థంలో వాడే ‘ప్రీపోన్’ను కేవలం భారతీయుల కల్పన అని ఎగతాళి చేసేవారికి, 1913 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన ఉత్తరంలో ఒకరు ఆ మాటను ప్రతిపాదించారని చెప్పండి.

జవాబు 4: ఎర్రసిరా

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం నివేదికను మళ్లీ ముందు పెట్టుకుని గీసిన ప్రతి గీతనూ పరిశీలించాను. ‘టు ఫుల్లీ టెస్ట్’ దగ్గర నిఘంటుప్రియుడు గారు హెచ్చరించిన పొరపాటే నేను చేశాను. వాక్యం చివర ‘డాక్యుమెంట్’ అన్న మరో క్రియ ఉంది, నేను జరిపిన ‘ఫుల్లీ’ దానికి అంటుకుని, పరీక్ష పూర్తిగా జరగాలన్న అర్థం ఎగిరిపోయింది. ఆమె రాసిందే సరైనది. దాన్నీ, ‘దెయిర్’నూ యథాతథంగా ఉంచాను.

‘ఇర్రిగార్డ్‌లెస్’, ‘షుడ్ ఆఫ్’, రెండు ‘లిటరల్లీ’ల దిద్దుబాట్లు అలాగే ఉన్నాయి, ఒక్కొక్కదాని పక్కన కారణం రాశాను. ‘లెస్ ఎర్రర్స్’ దగ్గర మాత్రం గీత తీసేసి, పెన్సిలుతో ‘ఫ్యూయర్ అయితే బాగుంటుందని నాకు అనిపిస్తోంది, నిర్ణయం మీది’ అని రాసి, ప్రతిని ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను.