కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే సెలెక్టర్ వేరే ఇన్‌పుట్ పట్టుకుంటోంది

పర్లాకిమిడి నుంచి:
కళ్యాణమండపం ఆంప్లిఫైయర్‌కి సీడీ4017 (కౌంటర్ చిప్), యూఎల్ఎన్2003 (రిలేలని నడిపే చిప్), నాలుగు 12 వోల్టుల రిలేలతో ఇన్‌పుట్ సెలెక్టర్ కట్టాను. 4017 10వ కాలు (అయిదో అవుట్‌పుట్) నేరుగా 15కి (రీసెట్) ఇచ్చాను. ఆన్ చేస్తే ఒకోసారి మైకు, ఒకోసారి ఆక్స్ (బయటి ప్లేయర్ పెట్టే ఇన్‌పుట్). స్పీకర్లో ధబ్‌మంటోంది కూడా. ఏం చెయ్యాలన్నా?

బరంపురం నుంచి:
పవర్ రాగానే 4017 లోపలి ఫ్లిప్‌ఫ్లాప్‌లు (లెక్క గుర్తుంచుకునే సర్క్యూట్లు) ఏ స్థితిలోనైనా లేవొచ్చు తమ్ముడూ. రీసెట్ పల్స్ నువ్వే ఇవ్వాలి. ప్లస్ 12 నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓముల రెసిస్టర్. ఆ జంక్షన్ నుంచి ఒక 1ఎన్4148 డయోడ్, 10వ కాలి నుంచి ఇంకొకటి, రెండు కాథోడ్‌లూ 15కి. 15 నుంచి గ్రౌండ్‌కి మరో 100 కిలోఓములు. రీసెట్ అయితే ఆన్ అయ్యేది 3వ కాలే, అందుకని మైకు రిలే దాని మీద ఉండాలి. కెపాసిటర్‌ని తిన్నగా 15కి కలపకు, నాలుగో ఇన్‌పుట్ దాటాక రీసెట్ కాసేపు అతుక్కుపోతుంది.

రాయగడ నుంచి:
మన దగ్గర కరెంటు క్షణం పోయి వస్తుంది కదా, అప్పుడు ఆ కెపాసిటర్ ఖాళీ అవ్వక పల్స్ రాదు. జంక్షన్‌కి కాథోడ్, గ్రౌండ్‌కి యానోడ్‌గా ఇంకో డయోడ్ పెట్టండి. సప్లై ఫిల్టర్ కెపాసిటర్‌కి అడ్డంగా 1 కిలోఓము బ్లీడర్ (ఛార్జ్ ఖాళీ చేసే రెసిస్టర్) కూడా. ధబ్‌మనడం వేరే సంగతి: స్పీకర్‌ని ఆంప్లిఫైయర్‌కి కలిపే రిలే మూడు సెకన్లు ఆలస్యంగా పడాలి, ఆఫ్‌లో అన్నిటికన్నా ముందు విడిపోవాలి.