సముద్రపు కట్ట మీద హెచ్‌ఓ లైను: గూడ్సు, ప్యాసింజరు రెండూ నిజంగా అనిపించాలంటే?

కట్టమీదబండి:
హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుకు 87వ వంతు కొలతలో, సముద్రపు ఒడ్డు మోడల్ రైలు లైను మొదలుపెట్టాను. గోడ వెంబడి 5 మీటర్ల బల్ల, వెడల్పు 60 సెంటీమీటర్లు. ముందంతా సముద్రం, ఒడ్డున రాతి కట్ట, కట్ట మీద ఒంటి లైను, వెనక కొండ. నడుమ లూపు (ఒక బండి పక్కకు తప్పుకునే లైను) ఉన్న చిన్న స్టేషను. బండ్లు భారతీయ బ్రాడ్‌గేజివి: బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల గూడ్సు ఒకటి, నీలం ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీల ప్యాసింజరు ఒకటి. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న ట్రాక్ తెచ్చి పెట్టుకున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. గూడ్సు ఎంత పొడవుంటే చిన్నబోకుండా ఉంటుంది? ఒకే లైను మీద రెండు రకాల బండ్లనూ నమ్మేలా ఎలా నడపాలి? సముద్రం దేనితో పోయాలి? సిగ్నళ్లు ఎక్కడ నిలపాలి? కొండకూ వెనక తెరకూ మధ్య అతుకు ఎలా దాచాలి?

నల్లబొగ్గు:
పొడవు సంగతి తరవాత. ఆ గూడ్సు ఏం మోస్తోంది, ఎటు మోస్తోంది? ప్రదర్శనల్లో చూసి చూసి విసిగిపోయాను. బొగ్గు నిండిన రేకు (ఒక బండి వ్యాగన్ల వరస) ఎడమ నుంచి కుడికి పోతుంది, కాసేపటికి అదే బొగ్గుతో కుడి నుంచి ఎడమకు తిరిగొస్తుంది! రేవున్న తీరంలో సరుకుకు ఒక దిక్కు ఉంటుంది. ఇనుప ఖనిజం గని నుంచి రేవుకు నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. దిగుమతి బొగ్గు రేవులో నిండి, లోపలి విద్యుత్ కేంద్రాలకు పోతుంది. అందుకే నిండుది ఒకటి, ఖాళీది ఒకటి, రెండు రేకులు కావాలి.

రెండు రేకులకు చోటు లేకపోతే లోడును విడిగా చేయండి. వ్యాగన్ లోపలికి సరిపోయే నురుగు ముక్క మీద బొగ్గు పొడి అతికించి, కింద చిన్న ఇనుప బిళ్ల పెడితే అయస్కాంతంతో పైకి తీసేయవచ్చు. నా లేఅవుట్‌లో తెర వెనక బండి ఆగగానే లోడులన్నీ తీసేస్తాను. తిరిగి ముందుకు వచ్చేది ఖాళీ రేకు. చూసినవాళ్లందరూ అది వేరే బండి అనే అనుకుంటారు. ఖాళీ వ్యాగన్ లోపల నల్లరంగు పూయకండి. మూలల్లో నల్లదుమ్ము, గోడలకు గీరుకుపోయిన తుప్పు రంగు, అంతే.

మీటరుగేజి:
నేను 16.5 అన్న దగ్గరే ఆగిపోయాను. బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే మీ పట్టాలు దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకు. ఐసీఎఫ్ బోగీ వెడల్పు ఈ స్కేలులో 37 మిల్లీమీటర్లు. దాని కింద 16.5 పట్టాలు పెడితే ఎదురుగా వచ్చే బండి బ్రాడ్‌గేజిలా ఎప్పటికీ కనిపించదు. పైగా మీది కట్ట మీది లైను. చూసేవాళ్ల కన్ను పట్టాల ఎత్తుకే వస్తుంది. పొలాల మధ్య లైనైతే గడ్డి అడ్డం పెట్టి దాచవచ్చు, ఇక్కడ దాచడానికేమీ ఉండదు.

లూప్‌లైను:
మళ్లీ మొదలైందా ఈ గొడవ! 16.5 అనేది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి సరిపోయే కొలత. ప్రపంచమంతా తయారయ్యే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టాలు), చక్రాలు, ఇంజన్ల అడుగు భాగాలు దానికే దొరుకుతాయి. 19.26 కావాలంటే ప్రతి పాయింటూ చేత్తో వేయాలి, ప్రతి ఇంజన్ ఇరుసూ మార్చాలి. ఆయన అడిగింది బండ్లు నడపడం గురించి. బ్రిటన్‌లో ఓఓ అనే స్కేలు వాళ్లు 1:76 బండ్లను ఇదే 16.5 మీద నడుపుతున్నారు. అక్కడా 2.3 మిల్లీమీటర్ల తేడా ఉంది, ఎవరి బండీ ఆగలేదు.

మీటరుగేజి:
సగం ఉదాహరణ చెప్పకండి. ఆ తేడా భరించలేకే అదే బ్రిటన్‌లో ఈఎం అనే ట్రాక్ ప్రమాణం వాళ్లు 18.2కు, పీ4 ప్రమాణం వాళ్లు 18.83కు వెళ్లారు. పాయింట్లు చేత్తో వేసుకున్నారు, ఇరుసులు మార్చుకున్నారు. కష్టమని చెప్పండి, ఒప్పుకుంటాను. తేడా కనిపించదని మాత్రం చెప్పకండి.

లూప్‌లైను:
కనిపించదని నేనెక్కడ అన్నాను? పై రాత మళ్లీ చదవండి. మీ సలహా విని లేఅవుట్లు మొదలుపెట్టి, ఒక్క పాయింటు దగ్గరే విసిగి అటక మీదికి ఎక్కించిన వాళ్లు నాకు తెలుసు. కొత్తవాళ్లను భయపెట్టి పంపేయడం వల్ల ఈ అభిరుచి పెరుగుతుందా?

ఎన్‌స్కేలు:
ఇద్దరూ అసలు లెక్క వదిలేశారు. బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లు, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. పూర్తి రేకు 58 వ్యాగన్లంటే 7 మీటర్లు దాటుతుంది. ఆయన బల్ల 5 మీటర్లు! ఎన్ స్కేలులో (160వ వంతు) అదే రేకు 3.9 మీటర్లు. మొత్తం రేకు, ముందు ఇంజన్, వెనక గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్ కనబడుతూ కట్ట వెంబడి సాగుతుంది, ఇంకా సముద్రం మిగులుతుంది. సముద్రపు ఒడ్డు లైనుకు అందం ఆ విశాలమే. హెచ్‌ఓలో బండిని కురచ చేసి విశాలం పోగొట్టుకోవడం ఎందుకు?

కట్టమీదబండి:
ఎన్‌స్కేలు గారూ, బండ్లు ఇప్పటికే హెచ్‌ఓలో ఉన్నాయి, స్కేలు మార్చలేను. సిగ్నళ్ల గురించి ఎవరైనా చెప్పగలరా?

పాతగార్డు:
నేను సర్వీసంతా గూడ్సు బండి చివర బ్రేక్‌వ్యాన్‌లో గడిపినవాణ్ని. ఇక్కడ రాస్తున్నవాళ్లలో ఎంతమంది నిండు రేకు కదలడం లోపల కూర్చుని అనుభవించారో నాకు తెలియదు. నమ్మేలా నడపడం అంటే పొడవూ కాదు, గేజీ కాదు. బరువు. నిండు గూడ్సు ఒక్కసారిగా కదలదు. ఇంజన్ లాగుతుంది, కప్లర్లు ఒక్కొక్కటీ బిగుసుకుంటూ ఆ చప్పుడు వెనక్కి వస్తుంది, చివరికి బ్రేక్‌వ్యాన్ కదులుతుంది. మీ డీసీసీ డీకోడర్‌లో (ఇంజన్‌ను డిజిటల్‌గా నడిపే చిప్పు) వేగం పెరగడానికీ తగ్గడానికీ ఉన్న విలువలు, అంటే సీవీ 3, సీవీ 4, గూడ్సు ఇంజన్‌కు బాగా పెంచండి, ప్యాసింజరు ఇంజన్‌కు తక్కువ ఉంచండి. ఈ ఒక్క మార్పుతో రెండు బండ్ల స్వభావం వేరైపోతుంది.

వేగం కూడా లెక్క కట్టండి. గంటకు 100 కిలోమీటర్లంటే హెచ్‌ఓలో సెకనుకు 32 సెంటీమీటర్లు, 60 అంటే 19. స్కేలు పట్టుకుని మీ బండ్లను కొలవండి. చాలామంది గూడ్సును రాజధాని ఎక్స్‌ప్రెస్ కంటే వేగంగా తోలుతున్నారు.

ఒంటి లైను మీద క్రాసింగే మీకు అసలు నాటకం. గూడ్సు లూపులోకి వచ్చి ఆగుతుంది, ప్యాసింజరు కోసం ఎదురుచూస్తుంది. అది వచ్చి, ఆగి, వెళ్లిపోయాక గూడ్సుకు దారి ఇస్తారు. కాబట్టి మీ గూడ్సు పొడవును నిర్ణయించేది బల్ల కాదు, లూపు. ఇంజన్ నుంచి బ్రేక్‌వ్యాన్ దాకా రెండు చివరల ఫౌలింగ్ మార్కుల (పక్క లైను బండికి తగలకుండా ఉండే హద్దు గుర్తులు) లోపల నిలవాలి. నిజమైన లూపు ప్రమాణం 686 మీటర్లు, హెచ్‌ఓలో దాదాపు 7.9 మీటర్లు. అది ఎవరి గదిలోనూ పట్టదు. మీకు 2.5 మీటర్ల లూపు వస్తే ఇంజన్, 16 వ్యాగన్లు, బ్రేక్‌వ్యాన్, అంతే. ఐసీఎఫ్ బోగీ 25.6 సెంటీమీటర్లు కాబట్టి ప్యాసింజరు 8 బోగీలు మించకూడదు.

రాత్రిబండి:
పాతగార్డు గారూ, ఇప్పుడు గార్డు అనరు కదా. 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు.

పాతగార్డు:
నేను పనిచేసినప్పుడు గార్డునే. పేరు మార్చినా జెండా, టార్చి పట్టుకున్న చేయి అదే. విషయానికి రండి.

రాత్రిబండి:
విషయానికే వస్తున్నాను. బొగ్గు, ఖనిజం తప్ప గూడ్సు లేదా? కొంకణ్ రైల్వేలో 1999 నుంచి రోరో సర్వీసు ఉంది. నిండు లారీలను చదును వ్యాగన్ల మీదికి ఎక్కించి, డ్రైవర్లతో సహా తీసుకెళ్తారు. హెచ్‌ఓ లారీలు సులభంగా దొరుకుతాయి. ఒక్కో లారీకి ఒక్కో రంగు, ఒక్కో టార్పాలిన్ కట్టు. సముద్రం ముందు అది సాగుతుంటే కన్ను తిప్పుకోలేరు.

నల్లబొగ్గు:
కొంకణ్ లైనులో సముద్రం కనిపించే చోట్లు బహు తక్కువ. దాదాపు 740 కిలోమీటర్లలో ఎక్కువ భాగం కొండలు, సొరంగాలు, నదుల మీది వంతెనలు. సముద్రం ముందు రోరో అంటే అది ఊహే.

రాత్రిబండి:
ఊహకు చోటు లేకపోతే మోడల్ ఎందుకు? ఫొటో తీసుకుని గోడకు తగిలించుకోవచ్చు. మీ నురుగు ముక్క మీది బొగ్గు ఊహ కాదా?

మీటరుగేజి:
కట్టమీదబండి గారికి నిజమైన దారి ఒకటి చెబుతాను, గేజి తంటా లేనిది. పాంబన్. 1914లో మొదలైన వంతెన, 2007లో బ్రాడ్‌గేజిగా మారేదాకా మీటరుగేజి. 1000ని 87తో భాగిస్తే 11.5. హెచ్‌ఓలో మీటరుగేజికి వాడే హెచ్‌ఓఎం ట్రాక్ 12 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తేడాను కన్ను పట్టలేదు, పాయింట్లు తయారుగా దొరుకుతాయి. నడుమ రెండు రెక్కలుగా పైకి లేచే షెర్జర్ స్పాన్, చుట్టూ నీళ్లే. వంతెన మొత్తం కట్టాలంటే 23 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ స్పాన్, అటూ ఇటూ కొన్ని స్తంభాలు చాలు. నేను అదే కట్టాను. స్పాన్ చేతితో లేస్తుంది, అసలు వంతెనలోనూ మనుషులే లేపేవాళ్లు.

లూప్‌లైను:
ఆయన దగ్గర ఉన్నవి బ్రాడ్‌గేజి బండ్లు. కట్ట అడిగితే వంతెన చెబుతారా? పాంబనే కావాలంటే 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త వంతెన కట్టమనండి. నిలువుగా లేచే 72.5 మీటర్ల స్పాన్ హెచ్‌ఓలో 83 సెంటీమీటర్లు, ఆయన బల్ల మీద చక్కగా పడుతుంది, బ్రాడ్‌గేజి కూడా.

మీటరుగేజి:
16.5 మీద వేసిన బ్రాడ్‌గేజి! మీరు మాత్రం అక్కడే తిరుగుతారు.

మోడరేటరు:
గేజి వాదనకు వేరే చర్చ తెరిచాను, మిగతాది అక్కడ రాయండి. ఇక్కడ ఒకరి లేఅవుట్‌ను ఒకరు కించపరిస్తే ఆ రాతలు తొలగిస్తాను.

అలలమేస్త్రి:
ఇంతసేపూ సముద్రం గురించి ఒక్కరూ మాట్లాడలేదు! రెండు భాగాల ఎపాక్సీ రెజిన్ వాడండి. పాలియెస్టర్ రెజిన్ జోలికి పోకండి, అందులోని స్టైరీన్ మీ నురుగు పలకను కరిగించేస్తుంది. ఎపాక్సీ కూడా ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది. పలుచటి పొరలుగా, ఒకటి గట్టిపడ్డాక మరొకటి పోయాలి. పోసేముందు బల్ల ముందు అంచును పూర్తిగా మూయండి. సూది దూరేంత రంధ్రం చాలు, రెజిన్ మొత్తం నేల మీదికి దిగిపోతుంది.

రంగు రెజిన్‌లో కాదు, అడుగున ఉండాలి. కట్ట పక్కన ఇసుక కలిసిన మట్టిరంగు, తరవాత పచ్చ, బల్ల అంచుకు వచ్చేసరికి ముదురు నీలం. ముదురు నీలాన్ని కట్ట దాకా తెచ్చేస్తే అది సముద్రం కాదు, ఈత కొలను. అలలు చివర్లో అక్రిలిక్ జెల్‌తో లేపండి. మనిషి ఎత్తు కంటే కాస్త తక్కువ, 1.5 మీటర్ల అల హెచ్‌ఓలో 17 మిల్లీమీటర్లు. అంతకు మించితే తుపాను, అప్పుడు బండి నడవకూడదు. ఇంగ్లండ్‌లో డాలిష్ దగ్గర ఇలాంటి కట్ట మీదే 1846 నుంచి రైళ్లు నడుస్తున్నాయి. 2014 ఫిబ్రవరి తుపానులో కట్ట తెగి పట్టాలు గాలిలో వేలాడాయి. లైను మళ్లీ తెరవడానికి ఏప్రిల్ దాకా పట్టింది.

ఎన్‌స్కేలు:
డాలిష్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడి నుంచి టెయిన్‌మత్ వైపు వరసగా చిన్న సొరంగాలు ఐదు. బండి ముందు భాగం ఒక సొరంగంలో, వెనక భాగం మరో దానిలో ఉంటే 16 వ్యాగన్లున్నాయా 58 ఉన్నాయా ఎవరికి తెలుస్తుంది? హెచ్‌ఓలోనే ఉంటానంటే మీ కొండను రెండు చోట్ల సముద్రం దాకా తీసుకురండి. తెర అతుకు కూడా అక్కడే సగం మాయమవుతుంది. మిగతా సగానికి కొండ శిఖరాన్ని తెర కంటే కొంచెం ముందే ఆపి, వెనక ఖాళీ వదిలేయండి. అతికించకపోతే అతుకే ఉండదు.

కట్టమీదబండి:
సొరంగాల ఆలోచన చాలా నచ్చింది. రెండు చోట్లా పెడతాను. సిగ్నళ్లు?

మలుపు:
సిగ్నళ్ల కంటే ముందు ఒక మాట, ఇన్ని రాతల్లో ఎవరూ ఎత్తనిది. బల్ల 60 సెంటీమీటర్లు. చివర్లలో లైను తెర వెనక్కి ఎలా తిరుగుతుంది? బోగీ పొడవుకు కనీసం మూడు రెట్ల వ్యాసార్ధం లేకపోతే పొడవు బోగీలు నమ్మకంగా నడవవు. 25.6కు మూడు రెట్లంటే 77 సెంటీమీటర్లు. అర్ధవృత్తానికి మీటరున్నర పైగా వెడల్పు కావాలి. అంత వెడల్పు లేదంటే తిరిగే మలుపులు మానేయండి. రెండు చివరలా సొరంగం లోపలికి వెళ్లి ఆగేలా నేరు యార్డులు పెట్టండి. ఇరుకు మలుపులో మరో ముప్పు ఉంది. ముందు ఖాళీ వ్యాగన్లు, వెనక నిండువి కట్టి లాగితే రేకు బిగదీసిన తాడులా సూటి దారి పడుతుంది, ఖాళీవి లోపలికి ఒరిగి పడతాయి. అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్ఎంఆర్ఏ సిఫారసు ప్రకారం మీ బాక్స్‌ఎన్ బరువు 97 గ్రాములు ఉండాలి. ఖాళీగా కనిపించే వ్యాగన్‌కూ అంతే, అడుగున సీసం పెట్టి సరిచేయండి.

నల్లబొగ్గు:
ఖాళీ వ్యాగన్ అడుగున సీసం పైకి కనిపిస్తే నా బాధ మళ్లీ మొదటికొస్తుంది. ఇరుసుల మధ్య, కింది వైపు అతికించండి.

పాతగార్డు:
సిగ్నళ్లు నేను చెబుతాను, ఈ చర్చలో ఇంకెవరూ చెప్పేలా లేరు. సిగ్నల్ బండి వెళ్లే దిక్కుకు ఎడమ పక్కన ఉంటుంది. అంటే మీ లైనులో ఒక దిక్కు సిగ్నళ్లన్నీ కొండ వైపు, రెండో దిక్కువి సముద్రం వైపు. కట్ట అంచున నిలబడే ఆ స్తంభాలకు కింద కాంక్రీటు దిమ్మ చూపించండి. లూపులో ప్రతి లైనుకూ స్టార్టర్ (బండి బయల్దేరడానికి అనుమతిచ్చే సిగ్నల్) ఉండాలి, ఫౌలింగ్ మార్కు దాటకుండా. బండిని స్టేషనులోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ స్టేషను మొదటి పాయింటుకు బయట. బహుళ రంగుల సిగ్నళ్లలో 180 మీటర్ల ఎడం హెచ్‌ఓలో 2 మీటర్లు, మీ బల్ల మీద అంత కుదరదు కాబట్టి సొరంగం ముఖద్వారం పక్కనే నిలపండి. హోమ్ ఎలా ఉందో ముందే చెప్పే డిస్టంట్ సిగ్నల్ హోమ్‌కు కిలోమీటరు ముందు, మీకు 11 మీటర్ల పైగా. దాన్ని బల్ల మీద పెట్టకండి, అది సొరంగానికి అవతల ఉందనే లెక్క.

మీటరుగేజి:
స్టార్టర్ ఎత్తు కూడా స్కేలులో ఉండాలి. 16.5 పక్కన సరైన సిగ్నల్ పెడితే పట్టాలు ఇంకా ఇరుకుగా కనిపిస్తాయి.

మోడరేటరు:
ఆ వాక్యాన్ని గేజి చర్చలోకి మార్చుకోండి.

అలలమేస్త్రి:
కట్టమీదబండి గారూ, ఆ సిగ్నల్ దిమ్మలు, కట్ట రాళ్లు, కంకర అన్నీ అతికించి, జిగురు పూర్తిగా ఆరాకే రెజిన్ పోయండి. తడి మిగిలితే రెజిన్ పాలలా మసకబారుతుంది. రాతి కట్టకు ముందే సీలర్ పట్టించండి, లేకపోతే రెజిన్ రాళ్ల సందుల్లోకి ఎగబాకి, పట్టాల దాకా తడి గీతలా నిలిచిపోతుంది.