మూర్ఛ పోయిందా, వచ్చిందా?

ప్రశ్న: హనుమకొండలో ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటరులో ఎక్కించే పని నాది. మొన్న వేసవిలో నర్సంపేట వైపు నుంచి ఒక తల్లి వచ్చి, ‘నా బిడ్డ మూర్ఛపోయింది’ అని చెప్పింది. ఓపీ చీటీలో మాత్రం ‘మూర్ఛ’ అని ఒక్క మాటే రాశారు. అది చూసి నేను జబ్బులకు సంకేతాలిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లోని జీ 40, అంటే ఎపిలెప్సీ (పదేపదే ఫిట్స్ వచ్చే జబ్బు), నమోదు చేశాను. నిజానికి ఆ పిల్ల ఎండకు సొమ్మసిల్లింది. వేయవలసినది టీ 67.1, అంటే వేడికి సొమ్మసిల్లడం. డాక్టరు చూసి దిద్దించారు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెళ్లి కావలసిన పిల్ల పేరు పక్కన ఆ జబ్బు ఉండిపోతే? అసలు మూర్ఛకు సరైన అర్థం ఏది?

జవాబు: అమ్మా, రెండూ సరైనవే. లక్ష్మణ మూర్ఛ అంటాం. అక్కడ వచ్చినవి ఫిట్స్ కావు, శక్తి తగిలి స్పృహ తప్పింది. ఆయుర్వేదంలోనూ మూర్ఛ వేరు, అపస్మారం, అంటే ఫిట్స్ జబ్బు, వేరు. అపస్మారం జనం నోట నిలవలేదు, దాని బరువు కూడా మూర్ఛ మీదే పడింది. తేడా అంతా క్రియలో ఉంది. ‘మూర్ఛపోయింది’ అంటే స్పృహ తప్పింది. ‘మూర్ఛ వచ్చింది’ అంటే ఎక్కువమందికి ఫిట్సే. ఆ తల్లి స్పష్టంగానే చెప్పింది. చీటీ రాసినవారు క్రియను వదిలేశారు.

ఆసుపత్రి కంప్యూటర్లలో వాడే అంతర్జాతీయ వైద్య పదకోశం స్నోమెడ్ సీటీలో ప్రతి భావానికీ ఒక సంఖ్య ఉంటుంది, దానికి ఎన్ని పేర్లైనా తగిలించవచ్చు. భారతదేశం 2014 నుంచి అందులో సభ్యదేశం. తెలుగు పేర్లు చేర్చేటప్పుడు స్పృహ తప్పడం, సొమ్మసిల్లడం, మూర్ఛపోవడం ఒకచోట, మూర్ఛవ్యాధి మరోచోట ఉండాలి. మన తెలంగాణ మాట ‘సోయి తప్పడం’ కూడా మొదటి వరుసలో చేరాలి. కాళోజీ పేరు పెట్టుకున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ఆ మాట కోసం మనం కాక ఎవరు అడుగుతారు?

మరొకరు: ఒంటరి ‘మూర్ఛ’ను తీసేయకండి సార్. జనం ఆ మాటే చెబుతారు, వెతికితే దొరకాలి. టైపు చేయగానే రెండు అర్థాలూ తెర మీదికి రావాలి, ఎంచుకోకుండా ముందుకు పోనివ్వకూడదు. ఒక్కసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన ఎపిలెప్సీ అని కూడా రాయకూడదు. దానికి ఆర్ 56 ఉంది.

ప్రశ్న అడిగినవారు: రేపటి నుంచి చీటీలో క్రియతో సహా రాయమని సిస్టర్లను అడుగుతాను. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా, నాలుక కరుచుకుందా అన్న రెండు ప్రశ్నలు కూడా చేర్చమంటాను.